దేవరాజులు పట్టిన దవడలు

పుత్తూరు చుట్టుపక్కల ఎముకలు కట్టేవాళ్ళకు ఎప్పుడూ కొదవ లేదు. వాళ్ళలో పెద్ద పేరున్నవాళ్ళ దగ్గరికి మదరాసు నుంచి కార్లు వచ్చేవి. దేవరాజులు దగ్గరికి ఎద్దులబండ్లు వచ్చేవి. ఒక్కోసారి బండిలో మనిషి బాగానే ఉండేవాడు, కట్టు కట్టాల్సింది ఎద్దుకు. దేవరాజులు ఇద్దరికీ అదే ఆకుపసరు, అవే వెదురుబద్దలు, అదే మర్యాద. "ఎద్దే నయమప్పా. రేపు పొద్దున కట్టు ఇప్పి గోక్కోదు" అనేవాడు.

నేను ఆయన్ని చూసింది మొత్తం ఎనిమిది రోజులు. పందొమ్మిది వందల నలభై ఏడు ఫిబ్రవరిలో. అప్పుడు నేను తిరుపతిలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాడవీధి వెనక సందులో ఒక పాత మిద్దె ఉండేది, దాన్ని హాస్టల్ అనేవాళ్ళం. ఇరవై రెండు మందిమి. రేషను బియ్యంలో రాళ్ళు ఏరడం, బావిలో నీళ్ళు తోడుకోవడం, గోవిందయ్య వండింది తినడం. దేశానికి స్వాతంత్ర్యం వస్తుందని పేపర్లు రాస్తున్నాయి. మాకు మాత్రం దానికంటే ముందు మార్చిలో పరీక్షలు వస్తున్నాయి. ఆ బెంగలో ఎవరికీ దేశం గుర్తుండేది కాదు.

నా గదిలో ఇంకా ఇద్దరు ఉండేవాళ్ళు. ఒకడు చంద్రగిరి చెంగయ్య. వాడు మాట్లాడితే సందు చివరికి వినిపించేది. రెండోవాడు దేవరాజులు కొడుకు సుందరరాజు. వాడు మాట్లాడితే పక్కవాడికి కూడా వినిపించేది కాదు. ఎత్తుగా, నెమ్మదిగా, మజ్జిగన్నం కూడా చప్పుడు కాకుండా తినే మనిషి. పగలంతా దాచుకున్న చప్పుడు రాత్రికి తీసేవాడు. నిద్రపోయిన అరగంటకు పళ్ళు కొరకడం మొదలయ్యేది. గింజలు లేకుండా ఉత్త తిరగలి తిప్పినట్టు ఉండేది. నేను ఎట్లాగూ దీపం పెట్టుకుని ఏదో ఒకటి చదువుతూ ఉండేవాణ్ణి కాబట్టి, రెండు మూడు నెలల్లో నాకు ఆ చప్పుడు అలవాటైపోయింది. చెంగయ్యకు కాలేదు.

"నిద్దర్లో పండ్లు కొరికితే ఆ ఇంటి ఆయుస్సును కొరికినట్టంట. మా అవ్వ సెప్పింది" అని ఒకరోజు భోజనాల దగ్గర ప్రకటించాడు.

ఆ రోజు నుంచి మా హాస్టల్లో ఏది జరిగినా దానికి సుందరరాజు పళ్ళే కారణం. బావి చేంతాడు తెగితే పళ్ళు. నెలపరీక్షలో తొమ్మిది మందికి ఫిజిక్సులో సున్నాలు వస్తే పళ్ళు. కోతి వచ్చి వార్డెను జయరావు గారి కళ్ళజోడు ఎత్తుకుపోయి గాలిగోపురం వైపు వెళ్ళిపోతే, అదీ పళ్ళే. పాపం వాడికి కడుపులో పురుగులేమోనని ముందు ఆముదం పట్టించారు. మర్నాడంతా దొడ్డికీ గదికీ తిరిగి, రాత్రికి నీరసంగా పడుకుని, ఇంకా గట్టిగా కొరికాడు. వేపాకు ముద్ద మింగించారు. వాయువిడంగాలు నమిలించారు. పురుగులు ఉన్నాయో లేవో తెలియలేదు కానీ పళ్ళు మాత్రం ఎక్కడికీ పోలేదు.

చివరికి చెంగయ్య పదిమందిని వెంటేసుకుని వార్డెను దగ్గరికి పోయాడు. "సార్, వాడు ఈడుంటే మేమెవురమూ పాసుగాము సార్. వాడన్నా పోవాల, మేమన్నా పోవాల."

జయరావు గారు లెక్కల మనిషి. ఒకడు పెద్దా పదిమంది పెద్దా అని చూసుకున్నారు. "తమ కుమారుడు నిద్రయందు దంతములు కొరుకుచున్నందున తోడి విద్యార్థులకు అసౌకర్యము మెండుగా నున్నది. తక్షణమే వచ్చి తోడ్కొని పోవలసినది" అని ఒక కార్డు రాసి పడేశారు.

పరీక్షకు నెల ముందు హాస్టల్ పోతే సుందరరాజుకు పరీక్ష పోయినట్టే. తిరుపతిలో వాళ్ళకు చుట్టాలు లేరు. పుత్తూరు నుంచి రోజూ రేణిగుంటలో బండి మారి వచ్చేసరికి సగం క్లాసులు అయిపోతాయి. వాడు ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. ఆ రాత్రి మాత్రం తిరగలి ఆగలేదు.

మూడోనాడు దేవరాజులు దిగాడు. పొట్టిగా, గుండ్రంగా, నెత్తిన ముతక తలగుడ్డ. ఒక చంకలో వెదురుబద్దల కట్ట, ఇంకో చంకలో ఆకుల మూట, చేతిలో పైగుడ్డలో భద్రంగా చుట్టిన ఆరు కోడిగుడ్లు. పళ్ళు అని కార్డులో ఉండేసరికి దవడ జారిందనుకుని సరంజామా అంతా తెచ్చేశాడు.

గుడ్లను చూసి వంట గోవిందయ్య గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "స్వామి ఊర్లో, నా వంటింటి ముందర గుడ్లా? నేను ఇప్పుడే పోతాను."

"తినేదానికి గాదప్పా, పూసేదానికి. తెల్లసొన పూస్తే కట్టు బిగుస్తాది."

"పూసినా గుడ్డు గుడ్డే!"

జయరావు గారు మధ్యలోకి వచ్చి, గుడ్లు మిద్దె మీదనే ఉండాలి, మెట్లు దిగకూడదు అని తీర్పు చెప్పారు. తర్వాత దేవరాజులును కూర్చోబెట్టి సంగతి వివరించారు. దేవరాజులు కొడుకు వైపు చూశాడు. కొడుకు నేల వైపు చూశాడు.

"అయ్యా, దవడ సంగతి నాకు ఇడిసిపెట్టండి. వారం దినాలు ఇయ్యండి. వారానికి ఆ సప్పుడు ఆగకపోతే నేనే వాని సాప సుట్టుకుని తీసకపోతాను. మావాడు డాక్టరు సదువు సదవాల్సినోడు. ఊరు ఊరంతా కాసుకోనుండాది. పరీచ్చ పోగొట్టొద్దండి."

"వారం, రాజు గారూ. ఎనిమిదో రోజు పొద్దున నిర్ణయం" అన్నారు వార్డెను.

ఆ సాయంత్రం మిద్దె మీద కొడుకు దవడకు కట్టు కట్టాడు. పసరు రాసి, తెల్లసొన పూసి, రెండు చెంపలకూ సన్నటి బద్దలు ఆనించి, గడ్డం కింద నుంచి నడినెత్తి మీదికి తెల్లగుడ్డ లాగి ముడి వేశాడు. "కదలాకు. మలక్కుండా ఎల్లకిలా పండుకో. సేతులు పక్కన పెట్టుకో" అని చెప్పి, తను తల దగ్గర కూర్చున్నాడు. వెన్నెముక ఒక్కటే మెలకువగా ఉండి, తక్కిన మనిషి కూర్చునే నిద్రపోయాడు.

తెల్లవారుజామున గోవిందయ్య ఆరేసిన పంచె కోసం మిద్దె ఎక్కాడు. చూస్తే ఏముంది. పిల్లాడు నిటారుగా వెల్లకిలా పడున్నాడు. గడ్డం నుంచి నెత్తికి తెల్లగుడ్డ కట్టి ఉంది. మన వైపు అట్లా ఎవరికి కడతారో గోవిందయ్యకు తెలుసు. తల దగ్గర తండ్రి గుడ్లప్పగించి, కాదు, కళ్ళు మూసుకుని తల వేలేసుకుని ఉన్నాడు.

"అయ్యయ్యో! పోయినాడే! బంగారట్లాంటి పిల్లోడు పోయినాడే!"

కేక వేస్తూ మెట్లు దిగబోయి, నాలుగు మెట్లు కాళ్ళతో, మిగిలిన నాలుగు నడుంతో దిగాడు. మేమంతా లేచి పైకి పరిగెత్తాం. అందరికంటే ముందు చెంగయ్య. ఆ గుడ్డ చూడగానే వాడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "నేనే సంపేసినా! నా నోరే వాణ్ణి మింగేసింది! ఒరే సుందరా, ఎంత కొరుక్కుంటావో కొరుక్కో, ఒక్కసారి లెయ్యరా!"

సుందరరాజు లేచి కూర్చుని, "మ్మ్?" అన్నాడు.

చెంగయ్య ఆ తర్వాత చాలాసేపు ఎవరి మొహమూ చూడలేదు. కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, "నాకు ముందే తెలుసు" అన్నాడు.

గోవిందయ్య కుడిచెయ్యి మణికట్టు దగ్గర పక్కకు తిరిగిపోయింది. నిన్న గుమ్మానికి అడ్డం నిలబడ్డ చెయ్యి ఇప్పుడు దేవరాజులు ఒళ్ళో ఉంది. అప్పుడు చూశాను నేను ఆయన పని. మణికట్టు చూడనే చూడలేదు. గోవిందయ్య మొహం చూస్తూ, వేళ్ళు మాత్రం కింద తడుముకుంటూ, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా కబుర్లు మొదలుపెట్టాడు.

"గోవిందయ్యా, మీ అత్తగారిది ఏ ఊరు?"

"అబ్బా... మాది కాళాస్త్రి దగ్గర..."

"నీది గాదప్పా. అత్తగారిది."

"వాళ్ళది ఏర్పేడు పక్కన ఒక..."

టక్.

ఊరి పేరు గోవిందయ్య నోట్లోనే ఉండిపోయింది. చెయ్యి మాత్రం చోటికి వచ్చేసింది. "ఆలోసన యాడుంటే నొప్పి ఆడుండదు" అన్నాడు దేవరాజులు, బద్ద అందుకుంటూ. తెల్లసొన పూస్తుంటే గోవిందయ్య ఒకసారి గుడ్డు వైపు చూసి కళ్ళు మూసుకున్నాడు.

ఆ రోజు సుందరరాజు ఆ కట్టుతోనే కాలేజీకి వచ్చాడు. హాజరు పిలిస్తే "మ్మ్" అన్నాడు. లెక్చరరు తల ఎత్తి, "ఎవరయ్యా అది, మూలిగేది?" అన్నారు. చెంగయ్య లేచి, "సుందరరాజు సార్, వచ్చినాను అంటున్నాడు" అని అనువాదం చేశాడు. క్లాసు నవ్వింది. సుందరరాజు కూడా నవ్వబోయి, కట్టు బిగిసి, ఆపేసుకున్నాడు.

కట్టు రెండు రాత్రులు ఉంది. మొదటి రాత్రి తిరగలి చప్పుడుకు తోడు వెదురు కిర్రుమనడం మొదలైంది. రెండో రాత్రి ఒక బద్ద చిట్లింది. పొద్దున దేవరాజులు ఆ చిట్లిన బద్దను పట్టుకుని చాలాసేపు తిప్పి చూశాడు. ముప్పై ఏళ్ళుగా కడుతున్నాడు. పోట్లగిత్తలు కూడా తెంచని కట్టు.

"ఇది ఎముక గాదు" అన్నాడు నాతో. "ఎముక ఇంత కోపంగా ఉండదు."

ఆ సాయంత్రం చెంగయ్య ఊరికే వేళాకోళానికి వచ్చి ముందు కూర్చుని మొహం చాచాడు. "నాది కూడా ఒకసారి సూడు మామా. నీ కొడుకుది అంటుకునిందేమో."

దేవరాజులు రెండు బొటనవేళ్ళూ వాడి చెవుల కింద దవడ మలుపు దగ్గర ఆనించాడు. చంద్రగిరి కోట గురించి అడిగాడు. కోట వెనక సీతాఫలాల గురించి అడిగాడు. అమ్మ గురించి అడిగాడు, చెంగయ్య నవ్వుతూ చెప్తున్నాడు. "అన్నదమ్ములు ఎంతమందప్పా?"

"మా అన్న ఒకడే."

దేవరాజులు వేళ్ళు ఆగాయి. "మీ అన్న ఏం సేస్తాడు?"

"సేద్యం."

"సదువుకోలేదా?"

"నాకంటే బాగా సదివేటోడు. ఇద్దర్నీ సదివించేదానికి మా నాయనకు సేతగాలేదు. ఎవురో ఒకరు మానుకోవాలంటే..." చెంగయ్య మాట అక్కడ ఆపేశాడు. వాడు మాట మధ్యలో ఆపడం నేను చూడటం అదే మొదటిసారి. "వాడు మానుకున్యాడు. నేను ఫిజిక్సులో సున్నా తెచ్చినానని వానికి యింకా సెప్పలేదు మామా."

"ఇక్కడ రాయి మాదిరి ఉండాది" అన్నాడు దేవరాజులు, నెమ్మదిగా బొటనవేళ్ళతో రాస్తూ. "సెప్పెయ్యి. కార్డు ముక్క రాసెయ్యి. తిడితే తిడతాడు. దవడ వదులైతాది."

చెంగయ్య ఆ రాత్రే కార్డు రాశాడు. వారంలోపే జవాబు వచ్చింది. అన్న నిజంగానే తిట్టాడు, ఒక కార్డు నిండా. చెంగయ్య దాన్ని అందరికీ చదివి వినిపించాడు. అంత సంతోషంగా తిట్లు చదివినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

సరే, చెంగయ్య దవడ చూసిన మర్నాటి నుంచి మిద్దె మీద వరస కట్టారు. కాలేజీ నుంచి రాగానే పుస్తకాలు గదిలో పడేసి, దవడ పట్టుకుని పైకి పోవడం. దేవరాజులు అందరినీ ఒకే రకం మాటలు అడిగేవాడు: ఆవు, పొలం, అత్త, అవ్వ, సంత. ఎక్కడో ఒకచోట వేళ్ళ కింద కండ బిగిసేది. ఒకడికి మామ పేరు దగ్గర. ఒకడికి ఇంగ్లీషు అన్న మాట దగ్గర. ఇంకొకడికి, నవ్వకండి, ఎదురింటి మిద్దె అన్న మాట దగ్గర. వాడికి పళ్ళపొడి మార్చమని సలహా ఇచ్చి పంపేశాడు. నాది కూడా ఒక మాటకు బిగిసింది. అదేమిటో ఇక్కడ రాయను. వాళ్ళ పిల్లలు ఇంకా ఉన్నారు.

"ఈ ఇంట్లో దవడ మెత్తగా ఉండేది గోవిందయ్యకు ఒక్కనికే" అన్నాడు దేవరాజులు ఆరోనాడు. "ఆయప్పకు పరీచ్చలు లేవు గదా."

మిగిలిన గదుల్లో కూడా పళ్ళు కొరికేవాళ్ళు ఇంకా ముగ్గురో నలుగురో ఉన్నారని కూడా ఆ వారంలోనే బయటపడింది. ఇన్నాళ్ళూ ఆ చప్పుళ్ళన్నీ సుందరరాజు ఖాతాలోనే పడుతూ వచ్చాయి. ఎవరూ గట్టిగా ఒప్పుకోలేదు కానీ, చెంగయ్య వాళ్ళ అవ్వ మాట మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అందరి దవడలూ దొరికాయి, ఒక్క సుందరరాజుది తప్ప.

ఏడో రోజు మధ్యాహ్నం సెలవు. మిద్దె మీద పిట్టగోడ నీడలో నేను పుస్తకం తెరిచి కూర్చున్నాను. తండ్రీ కొడుకులు ఎదురెదురుగా చాప మీద. మర్నాడు పొద్దున వార్డెను నిర్ణయం. దేవరాజులు పదోసారో పదకొండోసారో కొడుకు దవడ పట్టుకున్నాడు.

"మన ఎర్రావు ఈనింది."

"ఏం దూడ?"

"పెయ్య. మీ అత్త ఆనందమ్మ వచ్చి జున్ను కాసింది. నిన్ను తలుసుకునింది." ఆగాడు. "పరీచ్చలు దగ్గరికి వచ్చె గదా." ఆగాడు. "మదరాసులో యా వీదిలో దిగాలో ఇసారించినా."

వేళ్ళు తీసి విసుగ్గా తొడ మీద కొట్టుకున్నాడు. "వెన్న మాదిరి ఉండాది. రేతిరి ఇనుము, పగులు వెన్న. ఏందిరా ఇది?"

సుందరరాజు నవ్వాడు. "నాయనా, నువ్వు ఊరి కబుర్లు మొదలుపెడితే ఎందుకో నాకు తెలీదా? పదేండ్లు నీ పక్కన పసరు గిన్నె పట్టుకోని కూసున్యాను. నీ సెయ్యి పడంగానే వదులు సేసుకుంటా."

"ఓరి దొంగనాయాలా!"

"ఇట్ల రా. నీది సూద్దాం."

దేవరాజులు దవడను ఎవరైనా పట్టుకోవడం ఆ ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి అయుండాలి. ఎట్లా కూర్చోవాలో ఆయనకు తెలియలేదు. గడ్డం పైకెత్తి, క్షౌరానికి కూర్చున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. సుందరరాజు పొడుగాటి వేళ్ళు ఆ తెల్లగడ్డంలో చోటు వెతుక్కున్నాయి.

"ఎర్రావు పాలు ఎంత ఇస్తా ఉండాది నాయనా?"

"పూటకు రెండు సేర్లు."

"అత్త మోకాలు తగ్గిందా?"

"నేను కట్టినాక తగ్గక?"

"నేను డాక్టరు సదవకపోతే?"

నేను కూర్చున్న చోటికి కూడా కనిపించింది. చెవి కింద ఆ తెల్లవెంట్రుకలు ఒక్కసారి కదిలాయి, లోపల ముడి ఏదో లాగినట్టు. సుందరరాజు చేతులు తీయలేదు. "అదో" అన్నాడు, చాలా మెల్లగా.

దేవరాజులు కళ్ళు తెరిచి, "ఎండ" అన్నాడు. ఎండ ఆ పక్క లేదు. కాసేపటికి ఆయనే మొదలుపెట్టాడు.

"తిరుమలమ్మను ఎరుగుదువు గదా. కుంటుతాదే, ఆ బిడ్డ. ఎనిమిదేండ్లప్పుడు కాలిరిగితే నా కాడికి ఎత్తుకోనొచ్చినారు. నా సేతికి దొరికిన ఎముకను దొరికినట్టే సరిజేసినా. లోపల ఇంగొకటి ఇరిగుండాది. సేతికి తెలీలా. మదరాసు ఆస్పత్రిలో ఎముకకు పటం తీస్తారంట. ఆ పటం ఒకటి ఉన్నింటే..." తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. "ఇప్పటికీ సంతలో కనపడితే 'బాగుండావా మామా' అంటాది. తిట్టినా బాగుండు. నువ్వు ఆ సదువు సదివొస్తే ఇంగ ఎవురి కాలూ అట్ల గాదు అనుకున్యా."

సుందరరాజు చేతులు ఇంకా తండ్రి దవడ మీదే ఉన్నాయి. "నేను కప్పనే కోయలేదు నాయనా."

"ఏ కప్పను?"

"యా కప్పనూ. కాలేజీలో కప్పల్ని కోసి లోపల సూపీమంటారు. కప్పలు సాలక ఇద్దరికి ఒకటి ఇస్తారు. సెంగడు కోస్తాడు, నేను గుండుసూదులు గుచ్చుతా. అదీ పక్కకు సూసి. పెద్ద పరీచ్చలో ఎవురి కప్ప వాళ్ళదే."

"సచ్చిన కప్పే గదా?"

"సచ్చినా నా పక్కే సూస్తాది."

దేవరాజులుకు నవ్వు వచ్చింది. రాకూడని చోట వచ్చిందని తెలిసి ఆపుకోబోయి, తుమ్మినట్టు చేశాడు. సుందరరాజు నవ్వలేదు. "సెలవులకు వస్తే సంతలో అందురూ డాక్టరబ్బోడా అని నాలిక సాపుతారు నాయనా. దావన పోయే ముసిలోళ్ళు ఆపి నాలిక సాపుతారు. నేను సదివింది కప్ప, వానపాము. నాకు నాలిక సూస్తే ఏం తెలుస్తాది? బాగుండాది బాగుండాది అంటా తప్పించుకోని వస్తా."

"రెండేండ్లుగా ఇదేనా?"

"రెండేండ్లుగా ఇదే."

"నాకెందుకు సెప్పలా?"

"నువ్వు ఎప్పుడన్నా అడిగితే గదా. ఆవును అడుగుతావు, అత్తను అడుగుతావు."

దేవరాజులు ఆ మాటకు తల ఊపాడు, ఎవరో ఆయన పనిలో తప్పు చూపిస్తే ఒప్పుకున్నట్టు. కొడుకు చేతుల్ని తన మొహం మీద నుంచి తీసి, ఒడిలో పెట్టుకుని, ఒక్కో వేలూ లాగుతూ కూర్చున్నాడు. ఎవరి వేలు దొరికినా అట్లా లాగడం ఆయనకు అలవాటు.

"డాక్టరు మాట ఇంగ నేను ఎత్తను. పరీచ్చ రాయి. కప్ప రాకపోతే ఆ కప్ప ఒక్కటీ పోతాది, తక్కినవి రాయి. తరవాత ఏం సేయాలో తరవాత సూస్తాం."

"ఊరందరికీ సెప్పినావు గదా?"

"సెప్పిన నోరు నాదే. నేనే సెప్పుకుంటాలే."

ఈ మాట తేలిగ్గా అన్నాడు. తర్వాత ఎంతసేపైనా మిద్దె దిగలేదు.

ఎనిమిదో రోజు పొద్దున జయరావు గారు కింద వసారాలో కుర్చీ వేయించుకున్నారు. కొత్త కళ్ళజోడు. నిజం చెప్పాలంటే రాత్రి సుందరరాజు పళ్ళు కొరికాడు. మునుపటికంటే తగ్గింది, తిరగలిలో కాసిని గింజలు పడినట్టు మెత్తబడింది, కానీ కొరికాడు.

"చెప్పండి. చప్పుడు ఆగిందా?"

అందరికంటే ముందు చెంగయ్య. "సుబ్బరంగా ఆగిపోయింది సార్."

"నేను కింది గదిలో పడుకుంటాను చెంగయ్యా. రాత్రి పన్నెండింటికి నా చెవులతో విన్నాను."

"ఎలుక సార్."

"ఎలుకా?"

"పెద్ద ఎలుక సార్" అన్నారు వెనక నుంచి నలుగురు. "కొబ్బరిచిప్ప దొరికినట్టుండాది సార్" అన్నాడు ఇంకొకడు. "నేను సూసినా సార్" అన్నాను నేను, అప్పటిదాకా వార్డెను ముందు ఒక్క అబద్ధమూ ఆడనివాణ్ణి. చివరికి గోవిందయ్య కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి, "నా వంటింట్లో ఎలుకలున్నమాట వాస్తవం స్వామీ" అన్నాడు. ఏ వంటవాడూ తనంతట తాను ఒప్పుకోని మాట అది.

జయరావు గారు ఇరవై రెండు మొహాలూ చూసి, లెక్క వేసుకున్నారు. ఇప్పుడు ఒకవైపు ఒక్కడు కూడా లేడు. "అయితే పిల్లిని తెచ్చుకోండి" అని లేచి పోయారు. పోతూ పోతూ దేవరాజులు దగ్గర ఆగి, ఎవరూ చూడటం లేదనుకుని, చెవి కింద వేలు పెట్టుకుని ఏదో అడగడం మాత్రం మేము చూశాం.

పరీక్షల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. సుందరరాజు అన్నీ రాశాడు, కప్ప దగ్గర తప్పాడు. సెప్టెంబరులో మళ్ళీ పోయి, పక్కకు తిరిగి కోసి, ఎట్లాగో గట్టెక్కాడు. ఆ కప్ప లోపల ఏముందో పరీక్ష చేసినాయనకు తెలియాలి. తర్వాత రైల్వేలో చేరి నాయుడుపేటలో చాలాకాలం టిక్కెట్లు ఇచ్చాడు. అప్పుడప్పుడూ రాత్రిళ్ళు కొరికేవాడట. వాళ్ళావిడ చెప్పింది.

ఆ ఎనిమిదో రోజు మధ్యాహ్నం బండికి దేవరాజులును ఎక్కించడానికి సుందరరాజూ నేనూ స్టేషనుకు పోయాం. మిగిలిన వెదురుబద్దలు నేను మోశాను. ప్లాట్‌ఫారం మీద ఒకాయన గాజుల పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. దేవరాజులును చూడగానే లేచాడు. పుత్తూరు సంతలో గాజులు అమ్మే బడే సాహెబ్.

"ఏమి దేవరాజులన్నా! డాక్టరుబాబును సూసేదానికి వచ్చినావా? ఏం బాబూ, మదరాసు ఎప్పుడు పోయేది? మా ఇంట్లో సుభాన్‌బీకి మోకాళ్ళు పట్టకపోయినాయి, నువ్వొచ్చి సూడాలని ఒకటే పోరు." అంటూ అలవాటుగా నాలుక కూడా కొంచెం బయటపెట్టాడు.

సుందరరాజు నా వెనక్కి జరిగాడు. దేవరాజులు తలగుడ్డ సర్దుకున్నాడు.

"డాక్టరు గాడు బడే సాహెబ్. వానికి ఆ సదువు వద్దంట."

"అదేందన్నా! ఏమొచ్చె?"

"కప్పను కోయలేడంట."

బడే సాహెబ్ ముందు అర్థం కాక చూశాడు. అర్థం కాగానే నవ్వాడు, పెట్టెలో గాజులు కూడా గలగలమనేట్టు. "యా అల్లా! ఎముకలు ఇరిసే ఇంట్లో పుట్టి, కప్పకు భయమా!"

"ఇరిసేది గాదప్పా, మేము కట్టేది" అన్నాడు దేవరాజులు. చుట్టుపక్కల నలుగురు తిరిగి చూశారు. వాళ్ళూ నవ్వారు. దేవరాజులు మొహం కాసేపు ఎటూ కాకుండా నిలబడింది. తర్వాత ఆయన కూడా నవ్వాడు, అందరి నవ్వూ అయిపోయాక, ఒక్కడే. "సచ్చిన కప్ప కూడా వీని పక్కే సూస్తాదంట బడే సాహెబ్! సుభాన్‌బీ మోకాళ్ళు నేనే సూస్తాలే. ఎక్కు ఎక్కు."

బండి కదిలేసరికి కిటికీ పక్కన కూర్చున్న ముసలమ్మకు కప్ప కథ మొదటి నుంచి చెప్తున్నాడు. చేతులతో కప్ప కాళ్ళు కూడా చూపిస్తున్నాడు. ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అందురికీ సెప్పాల్నా నాయనా!" అని సుందరరాజు బండి వెంట నాలుగడుగులు పరిగెత్తాడు. వాడు అంత గట్టిగా అరవగలడని నాకు అప్పటిదాకా తెలియదు. చక్రాల చప్పుడులో ఆయనకు వినిపించలేదు. లేక వినిపించి, కథలో మంచి చోట ఉండి, ఆపలేదేమో.